అబ్రహాం, బ్రహ్మ: పేరు కలిస్తే చుట్టరికమేనా?

ఈరోజు చెప్పేది కొత్త టాపిక్ కాదండి. రెండేళ్ల కింద నేనే చేసిన ఒక ఎపిసోడ్‌కి ఇది సవరణ. హిందువుల మూలాలకీ, హీబ్రూల మూలాలకీ ప్రాచీన కాలంలో సంబంధం ఉందని, అబ్రహాం అన్నా బ్రహ్మ అన్నా ఒక్కరేనని, శారా అంటే సరస్వతేనని అప్పట్లో గట్టిగా చెప్పాను. చాలామంది చూశారు, షేర్ చేశారు. అందులో ఏది నిలబడుతుంది, ఏది నిలబడదు అన్నది ఈరోజు చెప్తాను.

ఎందుకు చెప్పాల్సి వచ్చిందంటే, ఒక ఆదివారం ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూసుకుంటున్నాను. ఆదివారం షాపులు మూసి ఉంటాయి కదా, వాటి ముందంతా పుస్తకాలే. యాభై అయిదేళ్లుంటాయేమో, ఒకాయన నా దగ్గరికొచ్చి నిలబడ్డారు. "సార్, మీ వీడియోలు చూస్తుంట. అబ్రహామూ బ్రహ్మా ఒక్కటేనని చెప్పిన్రు గదా. అది ఏ పుస్తకంల ఉంది? పేజీ నంబరు చెప్తే రాసుకుంట" అన్నారు. చేతిలో చిన్న డైరీ, పెన్ను కూడా ఉన్నాయి.

నేను నవ్వి, ఎందుకన్నా అని అడిగాను. ఆయన నవ్వలేదు. "మా బిడ్డ క్రిస్టియన్ పిల్లగాణ్ణి చేస్కుంట అంటున్నది. మంచి పిల్లగాడే. మా పెద్దన్న ఒప్పుకుంట లేడు. మీ వీడియో చూపెట్టిన. రాసిన పుస్తకం తెచ్చి చూపెట్టు, అప్పుడు మాట్లాడదాం అన్నడు" అన్నారు.

నా దగ్గర పేజీ నంబరు లేదండి. నేను చదివింది కూడా అదే ఫుట్‌పాత్ మీద కొన్న, అట్ట చిరిగిన ఒక పుస్తకంలో రెండు పేరాలు. రాసినవాడి పేరు కూడా లేదు. ఆ సంగతి ఆయనకి అక్కడే చెప్పేశాను. ఆయన ముఖం చూశాక ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు. "నాంపల్లి దాకా నడుద్దాం రండి, నాకు ఖాయంగా తెలిసింది చెప్తాను" అన్నాను. ఆ నడకలో ఆయనకు చెప్పిన మాటలే ఇప్పుడు మీకూ చెప్తున్నాను.

ముందు మేము నిలబడ్డ చోటు సంగతి. ఆబిడ్స్ అనే పేరు ఎక్కడిది? ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆయన పనిచేసేవారు. నిజాంగారి దుస్తులు, సొంత సామాను చూసుకునే నమ్మకస్తుడు. ఆయన ఆర్మేనియా మూలాల యూదుడని నగర చరిత్రల్లో రాస్తారు. ఆయన ఇక్కడ ఒక షాపు పెట్టారు. ఆబిడ్ షాపు కాస్తా జనం నోట్లో ఆబిడ్స్ అయింది. అంటే మనం రోజూ బస్సు దిగే సెంటర్‌కే ఒక యూదుడి పేరు. ఇది కథ కాదు, వందేళ్ల పైచిలుకు చరిత్ర.

ఇంకా వెనక్కి వెళ్దాం. 1647లో, అబ్దుల్లా కుతుబ్ షా ఏలుతున్న రోజుల్లో, సర్మద్ అనే సూఫీ కవి హైదరాబాదులో ఉన్నాడు. ఇరాన్‌లోని కాషాన్ వైపు యూదు పండితుల కుటుంబంలో పుట్టి, ఇస్లాం తీసుకుని, వ్యాపారం కోసం మన దేశం వచ్చినవాడు. అతనితో అభయ్ చంద్ అనే హిందూ యువకుడు ఉండేవాడు. సర్మద్ దగ్గర నేర్చుకుని ఆ అభయ్ చంద్ యూదుల ధర్మశాస్త్రమైన తోరాలోని మొదటి భాగాన్ని పారశీకంలోకి అనువదించాడు. 'దబిస్తాన్-ఎ-మజాహిబ్' అని, రకరకాల మతాల గురించి పారశీకంలో ఒక గ్రంథం ఉంది. దాన్ని రాసినాయన సర్మద్‌ని హైదరాబాదులోనే కలుసుకున్నాడు. యూదుల గురించి తను రాసిందంతా సర్మద్ చెప్పిందే. ఆ అనువాదం ముక్క కూడా ఆ పుస్తకంలోనే ఉంది. తర్వాత ఔరంగజేబు కాలంలో ఢిల్లీలో సర్మద్ తల తీశారు.

ఈ మాట చెప్పగానే ఆయన డైరీ తెరిచారు. "ఇది రాసుకోవచ్చా సార్?" అన్నారు. రాసుకోండి అన్నాను. యూదు ఇంట్లో పుట్టిన ఒక మనిషీ, ఒక హిందువూ కూర్చుని తోరా చదివారు, ఆ సంగతి మన ఊళ్లో నమోదయింది. ఇది ఖాయం. కానీ ఇది 17వ శతాబ్దం. ప్రాచీన సంబంధం కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. అబ్రహాం, బ్రహ్మ. ఈ పోలిక ఇప్పటిది కాదండి. 1553లో గియోం పోస్టెల్ అనే ఫ్రెంచి పండితుడు బ్రాహ్మణులు అబ్రహాం సంతతి అని రాశాడు. రెండు వందల ఏళ్ల తర్వాత అదే ఫ్రాన్సులో వోల్టేర్ తిరగేసి, అసలు అబ్రహాం పేరే ఇండియా బ్రహ్మ నుంచి వచ్చి ఉంటుందన్నాడు. గమనించారా? ఇద్దరి దగ్గరా ఉన్న ఆధారం ఒక్కటే, పేరు వినడానికి ఒకేలా ఉండటం. ఒకడు ఇటు నుంచి అటు అన్నాడు, ఇంకొకడు అటు నుంచి ఇటు అన్నాడు. ఒకే ఆధారంతో రెండు వైపులకీ తీర్పు చెప్పొచ్చంటే అది ఆధారం కాదనే కదా అర్థం.

పేరు కలిసినప్పుడు ముందు చూడాల్సింది ఆ పేరు పాత రూపం ఏమిటి, సొంత భాషలో దాని అర్థం ఏమిటి అన్నది. బైబిలు ప్రకారం ఆయన మొదటి పేరు అబ్రాము. అబ్ అంటే తండ్రి, రామ్ అంటే ఉన్నతుడు. తర్వాత దేవుడు ఆ పేరు మార్చి అబ్రహాం అన్నాడు, అనేక జనాలకు తండ్రి అనే అర్థంలో. అంటే బ్రహ్మతో కలిపే ఆ 'హ' అనే శబ్దం తర్వాత వచ్చి చేరింది. ఇటు సంస్కృతంలో బ్రహ్మ అనే మాట బృహ్ అనే ధాతువు నుంచి, పెరగడం, విస్తరించడం అనే అర్థంలో వచ్చింది. బృహత్తు, బృహస్పతి అంటామే, అదే కుటుంబం. ఒకటి 'ఉన్నతుడైన తండ్రి', ఇంకొకటి 'విస్తరించేది'. వేర్లు వేరు.

శారా, సరస్వతి కూడా అంతే. హీబ్రూలో శారా అంటే రాజవంశపు స్త్రీ. సరస్వతి అంటే సరస్సు, వతి. నీళ్లు గలది. మొదట నది పేరు, తర్వాత దేవత. మొదటి రెండు అక్షరాలు కలిశాయి కదా అని వదినా మరదళ్లని చేసేశాం.

అప్పుడాయన ఒక మంచి ప్రశ్న వేశారు. "మరి మేం అబ్బ అంటం, వాళ్లూ అబ్బా అంటరంట గద?" నిజమే. రాయలసీమలో అబ్బ అంటే తాతనో తండ్రినో అంటారు. ఏసు మాట్లాడిన అరమాయిక్ భాషలో అబ్బా అంటే తండ్రి. మనకి అమ్మ, వాళ్లకి ఇమ్మా. ఇది కూడా చుట్టరికం కాదండి. పసిపిల్లకి ముందు పలికేవి పెదవులతో పలికే శబ్దాలు. మ, బ, ప. ఆ శబ్దం వినగానే అమ్మ నన్నే పిలిచిందనుకుంటుంది, నాన్న నన్నే అనుకుంటాడు. అందుకే ప్రపంచంలో ఒకదానికొకటి సంబంధమే లేని భాషల్లో కూడా ఇలాంటి మాటలు కనిపిస్తాయి. ఒక పోలిక మనకీ వాళ్లకీ మధ్యే ఉందా, ఊరందరికీ ఉందా అని చూసుకోవాలి. ఊరందరికీ ఉంటే అది మనిద్దరి బంధుత్వానికి రుజువు కాదు.

అలాగని అసలు సంబంధమే లేదా? ఉంది. నేను వీడియోలో చెప్పిన చోట లేదు, ఇంకోచోట ఉంది.

హీబ్రూ బైబిల్లో ఎస్తేరు గ్రంథం మొదట్లోనే పారశీక చక్రవర్తి రాజ్యం ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉందో చెబుతూ మన దేశం పేరు వస్తుంది. హీబ్రూలో ఆ మాట 'హోదు'. సింధు అనే మాట పారశీకుల నోట హిందు అయి, అక్కడి నుంచి హీబ్రూలో హోదు అయింది. ఈరోజుకీ ఇజ్రాయెల్‌లో ఇండియాని హోదు అనే అంటారు. మనం హిందూ అని చెప్పుకునే మాటకీ, వాళ్లు మన దేశాన్ని పిలిచే మాటకీ తల్లి ఒక్కటే, ఆ సింధు నది. అదే గ్రంథంలో రాజభవనం తెరల గురించి చెబుతూ 'కర్పస్' అనే మాట వస్తుంది. అది మన కార్పాసం, అంటే ప్రత్తి. బట్టతో పాటు బట్ట పేరు కూడా వెళ్లింది. పరమగీతంలో 'నేర్ద్' అనే సుగంధం వస్తుంది, తెలుగు బైబిల్లో జటామాంసి అంటారు. హిమాలయాల్లో దొరికే వేరు. సంస్కృతంలో నలదం అనే పేరు నుంచే ఆ మాట వెళ్లిందని పండితులు చెబుతారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఒకటుంది. సొలొమోను రాజుకి మూడేళ్లకోసారి ఓడల్లో బంగారం, వెండి, దంతం, కోతులు, నెమళ్లు వచ్చేవని బైబిలు రాజుల గ్రంథం చెబుతుంది. అక్కడ నెమలికి వాడిన హీబ్రూ మాట 'తుక్కి'. ఇది తమిళం 'తోగై' నుంచి వెళ్లిందని చాలామంది భాషావేత్తలు ఒప్పుకుంటారు. తోగై అంటే నెమలి పింఛం. ఆ తోగైకి తెలుగు తోబుట్టువు ఏమిటో తెలుసా? మన తోక! అవునండి, కుక్క తోక, పిల్లి తోక అంటామే, ఆ తోకే. మన ద్రావిడ భాషా కుటుంబపు మాట ఒకటి పక్షితో పాటు ఓడెక్కి వెళ్లి హీబ్రూ బైబిల్లో కూర్చుంది. ఇప్పటి హీబ్రూలో తుక్కి అంటే చిలక అయిపోయింది, అది వేరే సంగతి. అదే వాక్యంలో కోతికి వాడిన 'కోఫ్' మన కపి అని కూడా అంటారు. కానీ ఈజిప్టు భాషలో కూడా కోతికి దగ్గర మాట ఉంది కాబట్టి దాని మీద వాదన ఉంది. అందుకని దాన్ని నేను లెక్కలో వేసుకోను.

బ్రహ్మ, అబ్రహాం పోలికకీ, తోక, తుక్కి పోలికకీ తేడా ఏమిటి అని మీరు అడగొచ్చు. రెండోదాంట్లో వస్తువు ఉంది. నెమలి మన దేశపు పక్షి. అది అక్కడ పుట్టలేదు, ఎవరో తీసుకెళ్లాలి. తీసుకెళ్లినవాడు పేరు కూడా చెప్పాలి. దారి ఉంది, ఓడ ఉంది, సరుకు ఉంది. మొదటిదాంట్లో శబ్దం ఒక్కటే ఉంది.

ఇలా మాట్లాడుకుంటూ స్టేషన్ దాటి పబ్లిక్ గార్డెన్స్‌లోకి వచ్చాం. అక్కడ స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది, మీలో చాలామంది స్కూల్ టూర్లో చూసే ఉంటారు. ఏడో నిజాం కాలంలో మ్యూజియానికి చేరింది. ఆయన దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. నేను ఆయనకి ఇంకో మమ్మీ సంగతి చెప్పాను. ఈజిప్టు రాజు రెండో రామ్సెస్, క్రీస్తుపూర్వం 1213లో చనిపోయాడు. ఆయన మమ్మీ ముక్కులో మిరియాలు దొరికాయి. మిరియం పంట మన కేరళ కొండలది. ఇంకా దగ్గరి సాక్ష్యం పసుపు. ఇజ్రాయెల్‌లో మెగిద్దో అనే పాత నగరం ఉంది. క్రైస్తవ మిత్రులకి హార్‌మెగిద్దోను పేరు తెలుసు కదా, అదే చోటు. అక్కడ సుమారు 3,500 ఏళ్ల కిందటి మనుషుల పళ్ల మీద పేరుకున్న గారని పరీక్షిస్తే పసుపు ఆనవాళ్లు కనిపించాయని 2020లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అప్పటికి అక్కడ ఇంకా ఇజ్రాయేలు రాజ్యం లేదు, కనానీయులున్నారు. కానీ ఆ గడ్డ మీద మనిషి అప్పటికే మన వైపు పసుపు రుచి చూశాడు.

ఇదే మ్యూజియానికి రోమన్ నాణేల సేకరణ కూడా ఉంది. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో 1,531 రోమన్ వెండి నాణేలు ఒకేచోట దొరికాయి. అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలం నాటివి. పన్ను కట్టాలా వద్దా అని ఏసుని అడిగినప్పుడు, ఆయన ఒక నాణెం తెప్పించి దీని మీద బొమ్మ ఎవరిదని అడిగిన కథ ఉంది కదా. అప్పుడు రాజు టైబీరియస్. యెరూషలేములో చేతులు మారుతున్న రకం వెండి నాణెమే నల్లగొండ మట్టిలోనూ ఉంది. ఆయన "మాది నల్లగొండనే సార్" అన్నారు, మెల్లగా.

సరే, సరుకులు సరే. నమ్మకాల సంగతేమిటి? ఎక్కువమంది చెప్పేది జలప్రళయం. నోవహు ఓడ, మన మత్స్యావతారం. పోతన భాగవతం అష్టమ స్కంధంలో సత్యవ్రతుడి కథ మనకి తెలుసు. ఇంకా పాత రూపం శతపథ బ్రాహ్మణంలో ఉంది. మనువు చేతులు కడుక్కుంటుంటే నీళ్లలో చిన్న చేప వస్తుంది, నన్ను కాపాడు, నేను నిన్ను కాపాడతాను అంటుంది. ప్రళయం వస్తే మనువు పడవని ఆ చేప కొమ్ముకి కట్టుకుని ఉత్తర పర్వతానికి చేరతాడు. ఈ పాత కథలో మనుషుల పాపం ప్రసక్తి లేదు, జంతువుల జతలు లేవు, పక్షిని వదలడం లేదు. నోవహు కథలో అవన్నీ ఉన్నాయి, చేప లేదు. మరి నోవహు కథకి అచ్చంగా దగ్గర ఏది? మెసొపొటేమియా మట్టి పలకల మీద దొరికిన గిల్గమేష్ కథ. అందులో పావురం, వానకోవెల, కాకి కూడా ఉన్నాయి. 1872లో జార్జ్ స్మిత్ ఆ పలక చదివినప్పుడు లండన్ అంతా గగ్గోలైంది. కాబట్టి హీబ్రూ కథకి పక్కింటి బంధువు బాబిలోన్. మన కథ అక్కడి నుంచి విని మార్చుకున్నదా, మన నదుల వరదల్లోంచే పుట్టిందా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఏదో ఒకటి తేలిపోయినట్టు నేను చెప్పడం తప్పు.

అలాగే క్యాలెండరు. మనకి అధిక మాసం ఉంది, వాళ్లకీ ఉంది. మనకి అమావాస్య తర్వాత నెల మొదలు, వాళ్లకీ కొత్త చంద్రుడితోనే మొదలు. దీన్ని కూడా చుట్టరికం అనుకున్నాను. కానీ లెక్క చూడండి. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులు. సూర్యుడి సంవత్సరం 365. పదకొండు రోజుల తేడా. పండగ పంట కాలంలోనే రావాలనుకున్నవాళ్లు ఎవరైనా రెండు మూడేళ్లకోసారి ఒక నెల కలపాల్సిందే. యూదులు 19 ఏళ్లలో 7 నెలలు కలుపుతారు. మన లెక్క కూడా ఇంచుమించు అక్కడికే వస్తుంది. కలపకపోతే ఏమవుతుందో హైదరాబాదీలకి చెప్పక్కర్లేదు. రంజాను ఒకప్పుడు ఎండాకాలంలో వస్తుంది, ఒకప్పుడు చలికాలంలో. ఇద్దరికీ ఒకే చంద్రుడు, ఒకే లెక్క. అందువల్ల జవాబు కలిసింది.

ఇంకొకటి చాలా ఆసక్తికరమైనది. టర్కీలో బొఘజ్‌కోయ్ దగ్గర 20వ శతాబ్దం మొదట్లో మట్టి పలకలు దొరికాయి. క్రీస్తుపూర్వం 14వ శతాబ్దపు ఒప్పందం. అందులో మితన్నీ రాజు తరఫున సాక్షులుగా మిత్రుడు, వరుణుడు, ఇంద్రుడు, నాసత్యుల పేర్లున్నాయి. మన ఋగ్వేద దేవతలే. మితన్నీ రాజ్యం అంటే ఉత్తర సిరియా, ఇరాక్ ప్రాంతం. అబ్రహాం కొన్నాళ్లు ఉన్నాడని బైబిలు చెప్పే హారాను పట్టణం కూడా ఆ వైపుదే. అంటే వేద దేవతల పేర్లు హీబ్రూల పక్క ప్రాంతం దాకా వెళ్లాయి. కానీ అక్కడి నుంచి హీబ్రూల గుడారంలోకి వెళ్లాయనడానికి ఒక్క అక్షరం ఆధారం లేదు. ఇక్కడే నాలాంటివాళ్లు గెంతు వేస్తారు. పక్కింటి దాకా వచ్చిందంటే లోపలికి వచ్చినట్టే అంటారు.

గ్రీకులు కూడా ఈ గెంతు వేశారు. అరిస్టాటిల్ శిష్యుడు క్లియార్కస్, యూదులు భారతదేశపు తత్వవేత్తల సంతతి అని తన గురువు అన్నట్టు రాశాడు. ఈ సంగతి యూదు చరిత్రకారుడు జోసీఫస్ మనకి అందించాడు. చంద్రగుప్తుడి కొలువుకి వచ్చిన మెగస్తనీస్, ప్రకృతి గురించి గ్రీకు పెద్దలు చెప్పినవన్నీ ఇండియాలో బ్రాహ్మణులూ, సిరియాలో యూదులూ కూడా చెప్పారని రాశాడు. దూరం నుంచి చూసే గ్రీకువాడికి ఇద్దరూ ఒకేలా కనిపించారు. శుచి, ఆచారం, శాస్త్రం చదవడం, తిండి నియమాలు. పోలిక నిజమే. దాని నుంచి సంతతి అనడం ఊహ.

ఇప్పుడు మన తెలుగు నేల మీద ఇంకో సంగతి. ఇది చెప్పేటప్పుడు నేను కొంచెం జాగ్రత్తగా మాట్లాడతాను. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే సముదాయం ఉంది. సుమారు 40 కుటుంబాలు. క్రీస్తుపూర్వం 722లో అస్సీరియన్లు ఇజ్రాయేలు ఉత్తర రాజ్యాన్ని కూల్చి జనాన్ని తరలించినప్పుడు చెదిరిపోయిన గోత్రాల్లో ఎఫ్రాయిం ఒకటి. మేము వాళ్ల సంతతి అని వీరు చెబుతారు. వీరిది మాదిగ నేపథ్యం, ముందు తరాలు బాప్టిస్టు క్రైస్తవులు. యాకోబి సోదరుల నాయకత్వంలో 1990ల మొదట్లో సినగాగు పెట్టుకుని, శనివారం సబ్బాతు పాటిస్తూ, హీబ్రూ నేర్చుకుంటూ యూదులుగా బతుకుతున్నారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు వీరి గురించి ఒక పూర్తి పుస్తకమే రాశారు, 2013లో వచ్చింది. ఈశాన్యంలో ఉన్న బ్నే మెనషే వారిని 2005లో ఇజ్రాయెల్ ముఖ్య రబ్బీ గుర్తించారు. గుంటూరు వారికి ఆ గుర్తింపు రాలేదు.

వీరు చూపించే ఆధారాల్లో ఒకటి చనిపోయినవారిని పూడ్చడం, ఇంకొకటి గొడ్డు మాంసం తినడం. ఒక్క నిమిషం ఆలోచించండి. ఏ అలవాట్లు చూపించి ఊరు వీళ్లని వెలివాడలో పెట్టిందో, అవే అలవాట్లు చూపించి మేము దావీదు రాజు జనం అంటున్నారు. చరిత్ర ప్రకారం అది రుజువయ్యిందా అంటే, కాలేదు. కానీ నాకు అర్థమయ్యింది ఏమిటంటే, మూలం గురించి వాదించేవాడు చాలాసార్లు మూలం కోసం వాదించడు. మర్యాద కోసం వాదిస్తాడు. మనిషిగా చూడనివాళ్ల చేత వంశం చూపించైనా చూడమంటాడు.

పక్క రాష్ట్రాల్లో రుజువులున్న యూదులూ ఉన్నారు. కొంకణ తీరంలో బెనె ఇజ్రాయెల్‌లు నూనె గానుగ ఆడేవారు. శనివారం గానుగ ఆపేవారు కాబట్టి ఊళ్లో వాళ్లని శనివార్ తేలీ అనేవారు. కేరళలో చేర రాజు భాస్కర రవివర్మ జోసఫ్ రబ్బాన్‌కి హక్కులిచ్చిన రాగి శాసనం ఉంది, సుమారు వెయ్యేళ్ల కిందటిది. 12వ శతాబ్దంలో అబ్రహాం బెన్ యిజు అనే యూదు వర్తకుడు మంగళూరులో ఏళ్ల తరబడి ఉండి, ఆశు అనే ఇక్కడి స్త్రీతో సంసారం చేసి, పిల్లల్ని కన్నాడు. అతని ఉత్తరాలు కైరోలో ఒక పాత సినగాగు గదిలో దొరికాయి. చూశారా, అబ్రహాం అనే పేరు గలవాడు నిజంగానే మన దక్షిణాదికి అల్లుడయ్యాడు. ఆ పెళ్లికి ముందు ఎవరూ బ్రహ్మ, అబ్రహాం ఒక్కరేనని రుజువు చేసినట్టు లేదు.

మ్యూజియం బయట చెట్టు కింద కూర్చున్నాం. ఆయన డైరీలో తోక, పసుపు, నాణెం, సర్మద్ అని నాలుగు మాటలు రాసుకున్నారు. వాటి కింద గీత గీసి, "మరి మా అన్నకు ఏం జెప్పాలె సార్?" అన్నారు.

అప్పుడు నాకు నా తప్పు పూర్తిగా తెలిసిందండి. నేను ఆ వీడియో మంచి ఉద్దేశంతోనే చేశాను. అందరం ఒక్కటేనని చెప్తే గొడవలు తగ్గుతాయనుకున్నాను. కానీ దాంట్లో ఒక షరతు దాగి ఉంది. మూలం ఒక్కటైతేనే కలిసి ఉండొచ్చు అని. మరి రేపు ఎవరైనా ఆ మూలం అబద్ధమని తేలిస్తే? కలిసి ఉండటం కూడా అబద్ధమవుతుందా? వాళ్లన్న అడిగిన పుస్తకం లేదు కాబట్టి ఆ పిల్ల పెళ్లి ఆగిపోవాలా? తెలియకుండానే ఆ పిల్ల పెళ్లిని నేను ఒక తప్పుడు పేజీ నంబరుకి ముడిపెట్టాను.

ఆయనతో ఇలా అన్నాను. "అన్నా, మీ అన్నగారికి నిజమే చెప్పండి. ఆ వీడియోలో చెప్పింది తప్పని నేనే ఒప్పుకున్నానని చెప్పండి. రెండు మతాలూ వేరు, వేర్లు వేరు. కానీ మూడు వేల ఏళ్లుగా పసుపూ, ప్రత్తీ, మాటలూ, మనుషులూ అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. ఒకే రక్తమని తేలాక మొదలుపెట్టలేదు. అబ్బాయి ఎలాంటివాడో చూడమనండి. అమ్మాయి ఏమంటుందో అడగమనండి. దానికి పుస్తకం అక్కర్లేదు."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా అన్న మొండోడు సార్. కానీ అబద్ధం చెప్పినోన్ని అసలు దగ్గరికి రానియ్యడు. మీరు తప్పని ఒప్పుకున్నరంటే వింటడేమో" అన్నారు. డైరీ జేబులో పెట్టుకుని స్టేషన్ వైపు వెళ్లిపోయారు. ఆ పెళ్లి ఏమైందో నాకు తెలియదు. ఫోన్ నంబరు అడగలేదు, ఆయనా ఇవ్వలేదు.

పాత ఎపిసోడ్ తీసేయలేదు. తీసేస్తే తప్పు దాచుకున్నట్టవుతుంది. దాని మొదట్లోనే ఇది తప్పు, సవరణ చూడండి అని పెట్టాను. మీలో ఎవరైనా ఆ మాట నమ్మి ఇంట్లోనో, గుళ్లోనో, చర్చిలోనో చెప్పి ఉంటే, దయచేసి ఈ సవరణ కూడా వాళ్లకి చెప్పండి. తోక సంగతి చెప్పండి, పిల్లలకి బాగా నచ్చుతుంది. వీలైతే ఒక ఆదివారం ఆబిడ్స్‌లో పుస్తకాలు చూసుకుని, అట్నుంచి నాంపల్లి మ్యూజియానికి నడిచి వెళ్లండి. పుస్తకం కొంటే మాత్రం రాసినవాడి పేరు ఉందో లేదో చూసుకోండి.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు. నమస్కారం.